రిస్క్-ఫైవ్ బోర్డు మీద జీసీసీ: సోర్స్ నుంచి బిల్డ్ చేయడం, ఆపైన టెస్టులు నడపడం

మామూలు ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) లాప్‌టాప్ మీద జీసీసీ (సీ, సీ++ లాంటి భాషల కంపైలర్) బిల్డ్ చేయడం గురించి నెట్‌లో కావాల్సినంత ఉంది కాబట్టి దాని జోలికి పోవట్లేదు. ఇది విజన్‌ఫైవ్ 2 లాంటి రిస్క్-ఫైవ్ (ఓపెన్‌గా ఉండే ప్రాసెసర్ ఆర్కిటెక్చర్) బోర్డు ఒకటి తెచ్చుకుని, క్రాస్ కంపైల్ (వేరే రకం మెషీన్ మీద కట్టడం) కాకుండా ఆ బోర్డు మీదే కొత్త జీసీసీ కట్టుకుని దాన్ని టెస్ట్ చేద్దాం అనుకునేవాళ్ల కోసం. ముందే ఒక మాట చెప్పేస్తా, ఇందులో బిల్డ్ అయిపోవడం సగం పని కూడా కాదు. ఇలాంటి హార్డ్‌వేర్ చేతిలో ఉన్నవాళ్లే తక్కువ, అందులో కూర్చుని టెస్ట్ సూట్ మొత్తం నడిపేవాళ్లు ఇంకా తక్కువ, అందుకే మీ బోర్డు మీద వచ్చిన రిజల్ట్ ఒక్కటి కంపైలర్ రాసేవాళ్లకి నిజంగా పనికొస్తుంది. రేపు ఇంకో రిజల్ట్ పక్కన పెట్టి పోల్చుకోగలిగే రిజల్ట్ చేతికి రావాలి, మనం చేసేదంతా దానికోసమే అని గుర్తుపెట్టుకుంటే కింద చెప్పే జాగ్రత్తలు చాదస్తంగా అనిపించవు.

డిస్ట్రోతో (డెబియన్ లాంటి లినక్స్ సిస్టమ్‌తో) వచ్చే జీసీసీ ఉండగా ఇదంతా ఎందుకు అంటే, రిస్క్-ఫైవ్ విషయంలో కంపైలర్ ఏటా చాలా మారుతోంది. జీసీసీలోకి రిస్క్-ఫైవ్ సపోర్ట్ వచ్చిందే 2017లో, 7వ వెర్షన్‌తో. 13 దాకా ఒక బైట్, రెండు బైట్ల అటామిక్ ఆపరేషన్లకి (మధ్యలో ఇంకో థ్రెడ్ దూరలేని మెమరీ పనులకి) కూడా లిబ్‌అటామిక్ లైబ్రరీ లింక్ చేయాల్సి వచ్చేది, ఎన్ని ప్యాకేజీల బిల్డ్‌లు ఆ ఒక్క అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ దగ్గర ఆగిపోయేవో, 13లో ఆ ఆపరేషన్లు ఇన్‌లైన్ అయ్యాయి, అంటే లైబ్రరీ లేకుండా నేరుగా కోడ్‌లోనే పడతాయి. వెక్టర్ ఎక్స్‌టెన్షన్‌కి (ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో ఎన్నో విలువల మీద లెక్క చేసే అదనపు సెట్) ఆటో వెక్టరైజేషన్, అంటే లూప్‌లని కంపైలరే ఆ ఇన్‌స్ట్రక్షన్లలోకి మార్చడం, 14లో వచ్చింది. అంటే వెర్షన్‌కీ వెర్షన్‌కీ మధ్య మీ ప్రోగ్రామ్‌కి తయారయ్యే కోడే మారిపోతుంది, అది సరిగ్గా ఉందో లేదో అసలు సిలికాన్ మీద నడిపి చూసేవాళ్లు కావాలి.

ఆప్షన్ల పేర్లు తెలుగులో రాస్తున్నా, టెర్మినల్‌లో ఎలా కొట్టాలో మీకు తెలిసిందే.

ముందు బోర్డు సంగతి. విజన్‌ఫైవ్ 2లో ఉండేది స్టార్‌ఫైవ్ జేహెచ్7110 చిప్, దాంట్లో సైఫైవ్ యూ74 కోర్లు నాలుగు, 1.5 గిగాహెర్ట్జ్, ర్యామ్ 2, 4, 8 జీబీల్లో దొరుకుతుంది. ఈ పనికి 8 జీబీదే తీసుకోండి. మెమరీ కార్డు మీద మాత్రం బిల్డ్ పెట్టకండి, జీసీసీ బిల్డ్ అంటే లక్షల చిన్న చిన్న ఫైళ్లు రాయడం చెరపడం, కార్డు నెమ్మదిగా ఉంటుంది సరే, కొన్నాళ్లకి పాడైపోయి ఏ ఫైల్ ఎక్కడ తప్పుగా రాసిందో తెలియని పరిస్థితి వస్తుంది, అప్పుడు కంపైలర్‌ని అనుమానించాలో కార్డుని అనుమానించాలో అర్థం కాదు. బోర్డు కింద ఎం.2 స్లాట్ ఉంది, అందులో చిన్న ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెట్టుకుని 20 జీబీ ఖాళీ ఉంచుకుంటే నిశ్చింతగా ఉండొచ్చు, స్వాప్ కూడా దాని మీదే పెట్టండి. చిప్ మీద హీట్ సింక్, పైన చిన్న ఫ్యాన్ తప్పనిసరి అనుకోండి, గంటల తరబడి నాలుగు కోర్లూ ఫుల్లుగా నడుస్తాయి. పవర్ కూడా మంచి అడాప్టర్ నుంచి ఇవ్వండి, పాత ఫోన్ ఛార్జర్ పెట్టి లోడ్ పెరిగినప్పుడు రీబూట్ అయితే ఆ రాత్రంతా దండగ.

ఇంకో చిన్న విషయం, చాలామంది పట్టించుకోనిది, టైమ్. ఇలాంటి బోర్డుల్లో గడియారానికి బ్యాటరీ ఉండకపోతే రీబూట్ అయిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది, మేక్ (బిల్డ్‌ని నడిపే టూల్) అనేది పనిచేసేదే ఫైళ్ల టైమ్ చూసి కదా, కొన్ని ఫైళ్లు రేపటివి అనుకుని మళ్లీ మొదట్నుంచి కట్టడం మొదలెడుతుంది లేదా కట్టాల్సింది వదిలేస్తుంది. నెట్ టైమ్ సింక్ అయిందో లేదో చూసుకుని గానీ మేక్ కొట్టకండి.

ఓఎస్‌గా డెబియన్ ఉంటే సుఖం. రిస్క్-ఫైవ్ 64 బిట్ డెబియన్‌లో అధికారిక ఆర్కిటెక్చర్ అయింది 2023లో, 2025లో వచ్చిన డెబియన్ 13 ట్రిక్సీనే దానికి మొదటి స్టేబుల్ రిలీజ్. బోర్డు వాళ్లిచ్చే ఇమేజ్‌లో కెర్నల్ వాళ్లదే ఉన్నా యూజర్‌ల్యాండ్ (కెర్నల్ కాని మిగతా ప్రోగ్రామ్‌లు, లైబ్రరీలు) డెబియన్‌దే అయితే చాలు. సిస్టమ్ జీసీసీ, జీ++, మేక్, గాక్, ఫ్లెక్స్, బైసన్, టెక్స్‌ఇన్ఫో, వీటితోపాటు టెస్టుల కోసం డెజాగ్నూ, ఎక్స్‌పెక్ట్, టీసీఎల్ ఇప్పుడే వేసేసుకోండి. జీసీసీ 15 నుంచి బిల్డ్ చేసే కంపైలర్‌కి సీ++14 వచ్చి ఉండాలి, ట్రిక్సీలో ఉన్నదానికి ఆ ఇబ్బంది లేదు. జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ అనే లెక్కల లైబ్రరీలు లేకుండా జీసీసీ కదలదు, డెబియన్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు వేసుకోవచ్చు, లేదంటే సోర్స్‌లోనే కాంట్రిబ్ ఫోల్డర్‌లో డౌన్‌లోడ్ ప్రిరిక్విజిట్స్ అని స్క్రిప్ట్ ఉంది, దాన్ని సోర్స్ పై ఫోల్డర్ నుంచి నడిపితే సరిపోయే వెర్షన్లు తనే తెచ్చి పెట్టుకుంటుంది. నేనైతే స్క్రిప్టే వాడతా, సిస్టమ్ అప్‌గ్రేడ్ అయినా నా కంపైలర్ విరగదు.

సోర్స్ విషయానికొస్తే మొదటిసారి రిలీజ్ టార్‌బాల్ తీసుకోండి. గిట్‌లోంచి తెచ్చుకుంటే ఫైళ్ల టైమ్‌స్టాంప్‌లు అటూ ఇటూ అయ్యి, జనరేటెడ్ ఫైళ్లు పాతవి అనుకుని ఆటోకాన్ఫ్‌ని పిలిచే గొడవ ఒకటి ఉంటుంది, దానికి కాంట్రిబ్‌లోనే జీసీసీ అప్‌డేట్ స్క్రిప్ట్‌ని టచ్ ఆప్షన్‌తో నడిపితే సర్దుకుంటుంది. ఇంకోటి, గిట్ ట్రంక్‌లో (ఇంకా రిలీజ్ కాని తాజా సోర్స్‌లో) కంపైలర్ తనని తాను సరిచూసుకునే లోపలి చెకింగ్ అంతా ఆన్‌లో ఉంటుంది కాబట్టి కంపైలర్ బాగా నెమ్మదిగా నడుస్తుంది, రిలీజ్‌లో ఎనేబుల్ చెకింగ్ అనేది రిలీజ్ అనే విలువతోనే వస్తుంది. బగ్గులు పట్టడానికి కూర్చుంటే ఆ చెకింగ్ మంచిదే, కానీ ఈ స్పీడ్ ఉన్న బోర్డు మీద మొదటి బిల్డ్‌కి మాత్రం వద్దు.

ఇప్పుడు కాన్ఫిగర్. సోర్స్ ఫోల్డర్ లోపల బిల్డ్ చేయకండి, పక్కన ఖాళీ ఫోల్డర్ పెట్టుకుని అందులోంచి కాన్ఫిగర్‌ని పిలవండి, సోర్స్ లోపల కట్టడాన్ని జీసీసీ వాళ్లు సపోర్ట్ చేయరు. ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే చోటు) ఆప్ట్ కింద వేరే ఫోల్డర్‌కి ఇవ్వండి, సిస్టమ్ కంపైలర్ మీద రాసేశారంటే ఏదైనా తేడా వచ్చినప్పుడు మళ్లీ బిల్డ్ చేయడానికి కంపైలరే ఉండదు. ఎనేబుల్ లాంగ్వేజెస్‌లో సీ, సీ++ చాలు, ఫోర్ట్రాన్, ఏడా తర్వాత చూసుకోవచ్చు. డిసేబుల్ మల్టీలిబ్ ఇవ్వండి, లైబ్రరీలు ఒక్క రకానికే కడుతుంది. విత్ ఆర్క్‌కి (ఏ ఇన్‌స్ట్రక్షన్లు వాడొచ్చో) ఆర్‌వీ64జీసీ, విత్ ఏబీఐకి (ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి) ఎల్‌పీ64డీ, డెబియన్ మొత్తం కట్టింది ఈ జోడీతోనే, దీనికి తేడాగా వెళ్తే సిస్టమ్ లైబ్రరీలతో అతకదు.

ఆ విత్ ఆర్క్ దగ్గర ఆశకి పోయి చివర్న వెక్టర్ అక్షరం తగిలిస్తే ఏమవుతుందో చెప్తా, ఎందుకంటే బూట్‌స్ట్రాప్ అంటే ఏంటో కూడా దాంతో అర్థమవుతుంది. జీసీసీ తనని తాను మూడుసార్లు కట్టుకుంటుంది. పెరుగు తోడుపెట్టినట్టే అనుకోండి, సిస్టమ్ జీసీసీని తోడుగా వేసి స్టేజ్ 1 తయారవుతుంది, స్టేజ్ 1తో స్టేజ్ 2, స్టేజ్ 2తో స్టేజ్ 3. యూ74 కోర్‌లో వెక్టర్ యూనిట్ లేదు. కానీ స్టేజ్ 1 ఏ ఇబ్బందీ లేకుండా కట్టుకుపోతుంది, ఎందుకంటే దాన్ని కట్టింది డెబియన్ కంపైలర్, దానికి మీ విత్ ఆర్క్ సంగతి తెలియదు. మీరిచ్చిన సెట్టింగ్ ఉండేది స్టేజ్ 1 లోపల, అది తయారుచేసే కోడ్‌లో వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు పడతాయి, స్టేజ్ 2 మొదలవగానే కంపైల్ చేసిన ప్రోగ్రామ్ నడవట్లేదు అని కాన్ఫిగర్ ఆగిపోవచ్చు, లేదా దాన్ని దాటి ముందుకెళ్లి మధ్యలో నడిపే చిన్న ప్రోగ్రామ్ ఏదో ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని చచ్చిపోవచ్చు. కాబట్టి స్టేజ్ 2లో ఇలాంటిది కనిపిస్తే ముందు విత్ ఆర్క్ చూసుకోండి, ఆ టైమ్‌లో కాన్ఫిగ్ లాగ్ ఫైల్ చివరి పేజీ తెరిచి చదివితే మెసేజ్ అక్కడే ఉంటుంది. వెక్టర్ కావాలంటే అది ఉన్న బోర్డు కొనాలి, స్పేస్‌ఎంఐటీ కే1 చిప్ ఉన్న బనానా పై ఎఫ్3 లాంటివి, అందులో ఎనిమిది కోర్లు, వెక్టర్ 1.0 ఉంది.

మేక్‌ని టీమక్స్ (కనెక్షన్ పోయినా టెర్మినల్‌ని బతికించే టూల్) లోపల నడపండి, ఎస్‌ఎస్‌హెచ్ తెగినా బిల్డ్ ఆగదు, అవుట్‌పుట్ మొత్తాన్ని టీ కమాండ్‌తో ఒక ఫైల్‌లోకి కూడా పంపండి. జే ఆప్షన్ అంటే ఒకేసారి ఎన్ని పనులు నడవాలన్నది, 8 జీబీ ఉంటే జే 4, 4 జీబీ ఉంటే జే 2. రిస్క్-ఫైవ్‌లో మెమరీని తినేసేవి రెండు రకాలు, ఒకటి చివర్లో సీసీ1ప్లస్ (అసలు సీ++ కంపైలర్ ప్రోగ్రామ్), ఎల్‌టీఓ1 లాంటి పెద్ద బైనరీల లింకింగ్, రెండోది మెషీన్ డిస్క్రిప్షన్ (ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్ల వివరణ) నుంచి జనరేట్ అయ్యే ఇన్సన్-ఎమిట్ లాంటి ఫైళ్లు. వెక్టర్ ప్యాటర్న్‌లు వచ్చి చేరాక ఆ ఇన్సన్-ఎమిట్ ఫైల్ ఎంత పెద్దదైపోయిందంటే, జీసీసీ 14లో దాన్ని పది ముక్కలుగా కోశారు, ఎన్ని ముక్కలో కాన్ఫిగర్‌లో మార్చుకోవచ్చు కూడా, విత్ ఇన్సన్‌ఎమిట్ పార్టిషన్స్ అని ఆప్షన్ ఉంది. జింపుల్-మ్యాచ్ ఫైల్‌ని కూడా అదే రిలీజ్‌లో అలాగే చేశారు. చిన్న బోర్డుల మీద బిల్డ్ చేసేవాళ్లకి ఇది పెద్ద మేలు.

బిల్డ్ మధ్యలో ఆగినప్పుడు మెసేజ్‌ని ఎలా చదవాలో తెలిస్తే సగం టైమ్ మిగులుతుంది. సీసీ1ప్లస్‌ని కిల్డ్ సిగ్నల్ ఆపేసింది అని వస్తే అది కంపైలర్ బగ్ కాదు, ర్యామ్ అయిపోయి కెర్నల్ చంపింది, డీమెసెజ్ (కెర్నల్ మెసేజ్‌లు చూపించే కమాండ్) చూస్తే అవుట్ ఆఫ్ మెమరీ అని ఉంటుంది, జే తగ్గించి మేక్ మళ్లీ కొడితే ఆగినచోటి నుంచే సాగుతుంది. ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్, సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని వస్తే ఏమీ మార్చకుండా మళ్లీ మేక్ కొట్టండి. సరిగ్గా అదే ఫైల్, అదే లైన్ దగ్గర మళ్లీ పడితే అది సాఫ్ట్‌వేర్ సమస్య. ఈసారి ఆ ఫైల్ దాటిపోయి ఇంకెక్కడో పడితే వేడి, పవర్, ర్యామ్, వీటిలో ఒకటి, అప్పుడు బగ్ రిపోర్ట్ రాయడం మానేసి ఫ్యాన్ సంగతి చూడండి. అరుదైన హార్డ్‌వేర్ మీద పనిచేసేవాళ్లకి ఈ ఒక్క అలవాటు ఉంటే చాలు, అవతల బగ్గులు చూసేవాళ్ల టైమ్ కూడా ఎంతో కలిసొస్తుంది.

స్టేజ్ 3 అయ్యాక జీసీసీ తనే స్టేజ్ 2, స్టేజ్ 3 ఆబ్జెక్ట్ ఫైళ్లని పోలుస్తుంది. ఒకే సోర్స్‌ని, ఒకేలా పనిచేయాల్సిన రెండు కంపైలర్లు కట్టాయి కాబట్టి రెండూ ఒకేలా ఉండాలి, లేకపోతే బూట్‌స్ట్రాప్ కంపారిజన్ ఫెయిల్యూర్ అని ఏ ఫైళ్లలో తేడా ఉందో చెప్పి ఆగిపోతుంది. ఇదే మీ మొదటి టెస్ట్, చాలా గట్టి టెస్ట్ కూడా, ఎందుకంటే లక్షల లైన్ల సీ++ ప్రోగ్రామ్‌ని మీ కొత్త కంపైలర్ ఆప్టిమైజ్ చేసి కట్టింది, ఆ ప్రోగ్రామ్ మళ్లీ సరిగ్గా నడిచింది. టైమ్ మిగులుతుందని డిసేబుల్ బూట్‌స్ట్రాప్ ఇచ్చేవాళ్లు ఉన్నారు, రోజూ ప్యాచ్‌లు రాసేటప్పుడు సరే, కొత్త బోర్డు మీద మొదటిసారి మాత్రం దీన్ని వదులుకోకండి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున లేచి చూసుకునే పనే కదా.

ఇక టెస్టులు. ఇన్‌స్టాల్ చేయకముందే, బిల్డ్ ఫోల్డర్‌లోనే మేక్‌కి కే ఆప్షన్ ఇచ్చి చెక్ నడపండి, కే లేకపోతే మొదటి భాగంలో ఫెయిల్ రాగానే మిగతావి నడపకుండా ఆగిపోతుంది. జే 4 ఇక్కడ కూడా పనిచేస్తుంది. ముందు స్టాక్ లిమిట్ పెంచుకోండి, కొన్ని టెస్టులకి ఎక్కువ స్టాక్ కావాలి. లిబ్‌ఎస్‌టీడీసీ++ (సీ++ స్టాండర్డ్ లైబ్రరీ) టెస్టులు కొన్ని జర్మన్, ఫ్రెంచ్ లాంటి లొకేల్స్ (భాషా సెట్టింగ్‌లు) వాడతాయి, అవి సిస్టమ్‌లో లేకపోతే ఫెయిల్ కావు, అన్‌సపోర్టెడ్ అని పక్కకి పోతాయి, అంటే అన్నీ బాగున్నట్టు కనిపిస్తుంది గానీ నడవనే లేదు, కాబట్టి లొకేల్స్ జనరేట్ చేసుకోండి. మొత్తం అవడానికి ఒక రోజు దాటినా కంగారు పడొద్దు. అంత ఓపిక లేనప్పుడు చెక్-జీసీసీకి రన్‌టెస్ట్‌ఫ్లాగ్స్‌లో ఎగ్జిక్యూట్ డాట్ ఈఎక్స్‌పీ అని ఇస్తే సీ టార్చర్ ఎగ్జిక్యూట్ టెస్టులు మాత్రమే నడుస్తాయి, రకరకాల ఆప్టిమైజేషన్ లెవెల్స్‌లో ప్రోగ్రామ్‌లు కట్టి అవి నిజంగా నడిపి చూస్తాయి, ఈ హార్డ్‌వేర్ మీద మీ శ్రమకి బాగా ఫలితమిచ్చేవి కూడా అవే.

అయిపోయాక రెండు రకాల ఫైళ్లు మిగులుతాయి, సమ్ ఫైల్‌లో టెస్ట్‌కో లైన్ చొప్పున తీర్పు, లాగ్ ఫైల్‌లో జరిగిందంతా. పాస్, ఫెయిల్ తెలిసినవే. ఎక్స్‌ఫెయిల్ అంటే ఫెయిల్ అవుతుందని ముందే తెలిసి రాసిపెట్టుకున్నది, కంగారు అక్కర్లేదు. ఎక్స్‌పాస్ అంటే ఫెయిల్ అవ్వాల్సింది పాస్ అయింది, అది కూడా చెప్పాల్సిన వార్తే. ఫెయిల్స్ సున్నా రావు, ఏ ఆర్కిటెక్చర్ మీదా మామూలుగా రావు, గ్వాలిటీ పేరుతో ఉండే డీబగ్గర్ టెస్టులైతే ఒక్కో మెషీన్ మీద ఒక్కోలా వస్తాయి. అందుకే ఫెయిల్స్ ఎన్ని అని లెక్కపెట్టడం వల్ల లాభం లేదు, దేనితో పోల్చి చూస్తున్నాం అన్నదే ముఖ్యం. మీ ప్యాచ్ లేకుండా ఒకసారి, ప్యాచ్‌తో ఒకసారి, అదే బోర్డు, అదే కెర్నల్, అదే ఆప్షన్లు, రెండు సమ్ ఫైళ్లూ కాంట్రిబ్‌లోని కంపేర్ టెస్ట్స్ స్క్రిప్ట్‌కి ఇస్తే ఇంతకుముందు పాస్ అయ్యి ఇప్పుడు ఫెయిల్ అయినవి విడిగా చూపిస్తుంది, మీరు పట్టించుకోవాల్సింది ఆ చిట్టానే.

నెమ్మది బోర్డుల మీద వచ్చే ఫెయిల్స్‌లో చాలావరకు టైమౌట్లే. డెజాగ్నూ ఒక్కో టెస్ట్‌కి మామూలుగా 300 సెకన్లు ఇస్తుంది, లాగ్‌లో ప్రోగ్రామ్ టైమ్డ్ అవుట్ అని వార్నింగ్ వెతకండి, ఆ ఫెయిల్స్‌ని పక్కన పెట్టి, బోర్డు ఫైల్‌లో జీసీసీ టైమౌట్ విలువ పెంచి మళ్లీ నడపండి. యూ74లో ఇంకో సంగతి ఉంది, అలైన్ కాని అడ్రస్ నుంచి చదివితే హార్డ్‌వేర్ ఆ పని చేయదు, ట్రాప్ అయ్యి ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి అక్కడ బైట్ బైట్‌గా చదివి తిరిగొస్తుంది, జవాబు కరెక్టే కానీ ఎన్నో రెట్లు స్లో, ఒక లూప్‌లో అలాంటిది పడితే టెస్ట్ తేలదు.

టైమౌట్ కాని నిజమైన ఫెయిల్ దొరికిందనుకోండి, ఓ2 ఆప్టిమైజేషన్ లెవెల్ దగ్గర ఎగ్జిక్యూషన్ టెస్ట్ ఫెయిల్, ఓ1 దగ్గర పాస్. ముందు ఆ ఒక్క టెస్టే మళ్లీ నడపండి, ఈఎక్స్‌పీ ఫైల్ పేరు పక్కన ఈక్వల్ గుర్తు పెట్టి టెస్ట్ ఫైల్ పేరు రాస్తే సరిపోతుంది. తర్వాత లాగ్‌లో ఆ టెస్ట్ పేరు వెతికితే పూర్తి కంపైల్ కమాండ్ ఉంటుంది, దాన్ని కాపీ చేసుకుని చేత్తో నడపండి, బైనరీ మీ చేతికొస్తుంది. ఇప్పుడు అసలు కిటుకు, ఆ బైనరీని ఏమీ మార్చకుండా లాప్‌టాప్‌కి పంపి క్యూఈఎంయూ (రిస్క్-ఫైవ్ ప్రోగ్రామ్‌ని వేరే మెషీన్ మీద నడిపే ఎమ్యులేటర్) యూజర్ మోడ్‌లో నడపండి, స్టాటిక్‌గా లింక్ చేసి ఉంటే ఇంకా తేలిక. అక్కడా ఫెయిల్ అయితే తప్పు కోడ్ తయారైనట్టే, కంపైలర్ మీద పడొచ్చు. క్యూఈఎంయూలో పాస్ అయ్యి బోర్డు మీదే ఫెయిల్ అయితే కెర్నల్, ఫర్మ్‌వేర్, చిప్, ఈ మూడింటి వైపు అనుమానం తిరగాలి. గట్టి రుజువు కాదు, అటామిక్స్, మెమరీ ఆర్డరింగ్ బగ్గులు క్యూఈఎంయూలో దాక్కుంటాయి, అయినా వెతకడం ఎటు మొదలుపెట్టాలో తేలుతుంది.

ఆ బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో పట్టడానికి గిట్ బైసెక్ట్‌ని (కమిట్‌ల చరిత్రని సగం సగం చేస్తూ వెతికే పద్ధతి) బోర్డు మీద నడపకండి, ప్రతి అడుగుకీ రాత్రంతా ఎవరు కూర్చుంటారు. కంపైలర్ ఏ కోడ్ రాస్తోందో చూడ్డానికి బోర్డుతో పనిలేదు కదా, లాప్‌టాప్ మీద రిస్క్-ఫైవ్ టార్గెట్‌కి క్రాస్ కంపైలర్‌గా సీసీ1 ఒక్కటే కట్టుకుంటూ పోతే నిమిషాల్లో తేలుతుంది, అసెంబ్లీలో ఆ తప్పు లైన్ ఉందా లేదా అని గ్రెప్ చేస్తే చాలు. దొరికిన కమిట్‌ని చివర్న బోర్డు మీద ఒక్కసారి నడిపి ఖాయం చేసుకోండి. ప్రోగ్రామ్ పెద్దదైతే సీవైజ్‌కి ఇచ్చి చిన్నది చేయించి, ప్రీప్రాసెస్ చేసిన ఫైల్, వీ ఆప్షన్ అవుట్‌పుట్, బోర్డు పేరు, కెర్నల్ వెర్షన్ కలిపి జీసీసీ బగ్‌జిల్లాలో పెట్టండి. క్యూఈఎంయూలో ఏం వచ్చిందో కూడా రాస్తే చూసేవాళ్లకి పని సులువు.

బోర్డు కొనే స్థోమత లేని స్టూడెంట్లకి ఒక దారి ఉంది, ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లకి జీసీసీ కంపైల్ ఫార్మ్ ఉచితంగా అకౌంట్లు ఇస్తుంది, రిస్క్-ఫైవ్ మాత్రమే కాదు, పవర్, స్పార్క్, లూంగ్‌ఆర్క్ మెషీన్లు కూడా ఉంటాయి, వాటి మీద ఇంకెంతోమంది పనిచేస్తుంటారు కాబట్టి జే విలువ చూసి పెట్టండి. మన దేశంలో డిజైన్ చేసిన సీడ్యాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ) తేజస్32 చిప్ ఉన్న ఏరీస్ బోర్డు దొరికినవాళ్లు మాత్రం దాని మీదే బిల్డ్ చేద్దామని చూడకండి, అది 256 కేబీ ర్యామ్ ఉన్న మైక్రోకంట్రోలర్, దానికి క్రాస్ కంపైలర్, న్యూలిబ్ (చిన్న పరికరాల కోసం ఉన్న సీ లైబ్రరీ) దారి వేరే ఉంది.

టెస్టులు తేలాక మేక్ ఇన్‌స్టాల్ చేసి ఒక సీ++ ప్రోగ్రామ్ కట్టి చూడండి. జీఎల్‌ఐబీసీఎక్స్ఎక్స్ ఫలానా వెర్షన్ దొరకలేదు అని వస్తే పాత లిబ్‌ఎస్‌టీడీసీ++ తగులుతోందని అర్థం, ప్రిఫిక్స్ కింద కొత్తది ఏ ఫోల్డర్‌లో పడిందో ఫైండ్‌తో చూసి ఆ దారిని ఆర్‌పాత్‌లో (ప్రోగ్రామ్ తన లైబ్రరీలని ఎక్కడ వెతకాలో రాసే చోటు) ఇవ్వండి. ఆ తర్వాత బిల్డ్ ఫోల్డర్ చెరిపేసే ముందు కాంట్రిబ్‌లో టెస్ట్ సమ్మరీ స్క్రిప్ట్ నడపండి, అది జీసీసీ టెస్ట్ రిజల్ట్స్ జాబితాకి పంపడానికి మెయిల్ తయారుచేసి ఇస్తుంది, పంపేయండి. సమ్ ఫైళ్లన్నీ, కాన్ఫిగర్ లైను, కెర్నల్ వెర్షన్, సోర్స్ కమిట్ నంబర్ ఒక ఫోల్డర్‌లో తేదీ వేసి దాచుకోండి, వచ్చే రిలీజ్ బిల్డ్ చేసినప్పుడు కంపేర్ టెస్ట్స్‌కి ఇవ్వాల్సిన మొదటి ఫైల్ అందులోదే.